కటా నేర్చుకోవడం, నేర్చుకున్నాక దిద్దుకోవడం: హియాన్ షోడాన్‌తో మొదలుపెడదాం

కరాటే క్లాసులో చేరిన మూడు నాలుగు నెలలకి చిన్నపిల్లలైనా, ఉద్యోగం చేసుకుంటూ వచ్చే పెద్దవాళ్ళైనా ఒక మాట అంటారు, "హియాన్ షోడాన్ వచ్చేసింది సార్, తర్వాతది ఎప్పుడు?" అని. కటా అంటే ఒంటరిగా, ఒక వరసలో చేసే అడుగులు, దెబ్బలు, అడ్డుకోవడాల కూర్పు, హియాన్ షోడాన్ అందులో మొదట నేర్పేది. వచ్చేసింది అంటే ఏ అడుగు తర్వాత ఏ అడుగో గుర్తుంది అని. అది తక్కువ పనేం కాదు, కానీ ఎక్కాలు అప్పజెప్పడం వేరు, లెక్క చేయడం వేరు. నేను 12 ఏళ్ళుగా షోటోకాన్ అనే కరాటే శైలి సాధన చేస్తున్నాను, వారంలో మూడు రోజులు సాయంత్రం పిల్లల బ్యాచ్‌కి సాయం చేస్తుంటాను. ఇన్నేళ్ళలో నాకు బాగా నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది. కటా బాగుందో లేదో ఆగిన భంగిమలో తెలియదు, ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకి వెళ్ళే దారిలో తెలుస్తుంది. ఫొటో తీస్తే అందరం బాగానే ఉంటాం. వీడియో తీస్తే ఎక్కడ తూలామో, ఎక్కడ లేచామో, ఎక్కడ చెయ్యి ముందు వెళ్ళి నడుము తర్వాత వచ్చిందో అంతా కనిపిస్తుంది.

ముందు పేర్ల గందరగోళం ఒకటి తీర్చేస్తాను, ఎందుకంటే యూట్యూబ్ చూసి నేర్చుకునేవాళ్ళు ఇక్కడే తికమక పడుతున్నారు. జపాన్‌లోని ఒకినావాలో ఇతోసు అంకో అనే గురువు 1900ల తొలి ఏళ్ళలో బడిపిల్లల కోసం ఐదు కటాలు ఒక క్రమంలో పెట్టారు, వాటి పేరు పినాన్. ఆయన శిష్యుడు ఫునకోషి గిచిన్ 1922లో టోక్యో వెళ్ళి అక్కడే ఉండిపోయి కరాటే నేర్పించారు. ఆ క్రమంలో పినాన్‌ని హియాన్ అని మార్చారు, పైగా మొదటి రెండింటినీ అటుదిటు చేశారు. అందుకే షోటోకాన్‌లో హియాన్ షోడాన్ అనేది షితో ర్యూ, వాడో ర్యూ లాంటి వేరే శైలుల్లో పినాన్ నిదాన్ అవుతుంది. మీ క్లాసు ఏ శైలిదో మీ సార్‌ని అడిగి తెలుసుకుని, ఆ శైలి వీడియోలే చూడండి. రెండు శైలుల్ని కలిపి నేర్చుకుంటే తర్వాత విడదీయడం చాలా కష్టం, ఆ కష్టం పడుతున్న పిల్లల్ని చూస్తూనే ఉన్నాను.

ఇక వరస గుర్తుపెట్టుకోవడం. హియాన్ షోడాన్‌లో కదలికలు 21. వీటిని 21 విడివిడి ముక్కలుగా బట్టీ పట్టకండి, గుంపులుగా పట్టుకోండి. ఎడమకి తిరిగి గెదాన్ బరాయ్ (చేతిని కిందికి తుడిచినట్టు దించి అడ్డుకోవడం), అడుగేసి గుద్దు. వెనక్కి తిరిగి గెదాన్ బరాయ్, కాలు వెనక్కి లాక్కుంటూ పిడికిలితో సుత్తి దెబ్బ, అడుగేసి గుద్దు. ముందుకి తిరిగి గెదాన్ బరాయ్, తర్వాత మూడు ఆగే ఉకేలు (చెయ్యి పైకెత్తి అడ్డుకోవడం), మూడోదానికి కియాయ్, అంటే గట్టి అరుపు. అక్కడి నుంచి పెద్ద మలుపు, రెండు పక్కలా గెదాన్ బరాయ్, గుద్దు. మళ్ళీ మధ్యగీత మీదకొచ్చి గెదాన్ బరాయ్, మూడు గుద్దులు, చివరిదానికి కియాయ్. ఇంకో పెద్ద మలుపు, ఆపైన నాలుగు షుతో ఉకేలతో (అరచేతి అంచుతో అడ్డుకోవడం) అయిపోతుంది. తొమ్మిదోదానికి ఒక కియాయ్, పదిహేడోదానికి ఇంకోటి.

ఇది నేల మీద ఏ ఆకారంలో నడుస్తుందో అదే ఎంబుసేన్. ఇంగ్లీషు పెద్ద బడి ఐ అక్షరంలా ఉంటుంది, పైనొక అడ్డగీత, కిందొక అడ్డగీత, మధ్యలో నిలువు. మేడ మీద ఉదయం పూట ముగ్గుపిండితో ఈ గీత గీసుకోండి, సుద్దముక్కైనా పర్వాలేదు. మొదటి వారం చేతులు అసలు వాడకండి. చేతులు నడుం మీద పెట్టుకుని కాళ్ళతోనే కటా మొత్తం నడవండి. చాలామంది దీన్ని విసుగ్గా చూస్తారు కానీ, నేను చూసినంతలో చేతుల్లో కనిపించే తప్పుల్లో చాలా భాగం పాదాల్లోనే పుడుతుంది. కాలు పడాల్సిన చోట పడకపోతే ఆ లోటు కప్పిపుచ్చుకోవడానికి భుజం బిగుస్తుంది, మనం ఏమో భుజాన్ని తిడుతూ కూర్చుంటాం.

పాదాలు సరిగ్గా పడుతున్నాయో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక సులువైన పద్ధతి ఉంది. ఒక బకెట్ నీళ్ళలో పాదాలు ముంచి, పొడి సిమెంటు నేల మీద మూడు ఆగే ఉకేలు నెమ్మదిగా వేయండి. జారకుండా జాగ్రత్త, దీన్ని వేగంగా చేయకూడదు, టైల్స్ మీద అసలు వద్దు. వెనక్కి తిరిగి మీ తడి అడుగులు చూసుకోండి. జెన్‌కుత్సు దాచిలో, అంటే ముందు మోకాలు వంచి నిలబడే పొడవాటి భంగిమలో, రెండు పాదాల మధ్య వెడల్పు దాదాపు భుజాలంత ఉండాలి. చాలామంది అడుగులు తాడు మీద నడిచినట్టు ఒకే గీత మీద ఉంటాయి. మూడు అడుగుల పొడవు కూడా చూడండి, మొదటిది పెద్దగా, మూడోది కురచగా ఉందంటే తొడలు అలిసిపోయి మీరు పైకి లేస్తున్నారని. సార్ పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ తడి గుర్తులు ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది.

ఇప్పుడు అసలైన చోటుకి వద్దాం, ఆ రెండు పెద్ద మలుపులు. తొమ్మిదో కదలిక నుంచి పదికి వెళ్ళేటప్పుడూ, పదిహేడు నుంచి పద్దెనిమిదికి వెళ్ళేటప్పుడూ ఎడమ వైపుగా 270 డిగ్రీలు తిరగాలి. రెండిట్లోనూ కుడికాలు ముందుంటుంది, దాని మీదే తిరుగుతాం, ఎడమకాలు వెనక నుంచి చుట్టు తిరిగి వస్తుంది. చూడటానికి రెండూ ఒకటే మలుపు. కానీ దిగే చోటు వేరు. మొదటి మలుపు జెన్‌కుత్సు దాచిలోకి దిగుతుంది కాబట్టి ఎడమపాదం కుడిపాదం గీత దగ్గర ఆగిపోకూడదు, ఆ గీత దాటి ఇంకో భుజం వెడల్పు అవతలకి పడాలి. రెండో మలుపు కోకుత్సు దాచిలోకి, అందులో రెండు మడమలూ ఒకే గీత మీదుండాలి, బరువు 70 శాతం దాకా వెనక కాలి మీద ఉండాలి, అడుగు కూడా కాస్త కురచ. ఈ తేడా ఎవరూ విడిగా చెప్పకపోవడం వల్ల విద్యార్థి రెండుసార్లూ కాలిని ఒకేలా తిప్పి పడేస్తాడు, మొదటిసారి నిలబడలేక తూలతాడు, రెండోసారి మరీ వెడల్పుగా పడి నడుము బయటికి తోసుకొస్తుంది. నేను ఈ తేడా తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ నాకు బ్యాలెన్స్ తక్కువ అనే అనుకున్నాను.

దీన్ని దిద్దుకోవాలంటే కటా మొత్తం చేయక్కర్లేదు. తొమ్మిదో భంగిమలో నిలబడండి. ముందు తల తిప్పి వెళ్ళాల్సిన వైపు చూడండి, చూపు ముందు, శరీరం తర్వాత. బరువు కుడికాలి మీదకి పూర్తిగా రానివ్వండి. ఎడమకాలిని బయటికి విసరకుండా కుడి మడమ దగ్గర నుంచే తీసుకురండి, గిరగిరా తిప్పితే ఆ విసురే మిమ్మల్ని పడేస్తుంది. పాదం నేల మీద పడ్డాకే గెదాన్ బరాయ్ పూర్తవ్వాలి, ముందు కాదు. మడమ మీద తిరగాలా ముందుపాదం మీద తిరగాలా అన్నది మీ సార్ ఎలా చెబితే అలా చేయండి, శైలిని బట్టి మారుతుంది. ఏది చేసినా తిరిగేటప్పుడు పాదం, మోకాలు ఒకేసారి తిరగాలి. పాదం నేలకి అతుక్కుపోయి మోకాలు మాత్రం మెలితిరిగితే నొప్పి ఈరోజు కాకపోయినా రేపైనా వస్తుంది, గరుకు నేల మీద చెప్పుల్లేకుండా సాధన చేసేవాళ్ళు దీని మీద మరీ శ్రద్ధ పెట్టాలి. రోజుకి ఒక్కో మలుపు పదిసార్లు చాలు, కానీ ప్రతిసారీ ఆగి కిందకి చూసి పాదం ముగ్గు గీతకి ఎక్కడ పడిందో చూసుకోవాలి. చూసుకోకుండా వందసార్లు చేస్తే తప్పే గట్టిపడుతుంది.

అడుగు వేసేటప్పుడు తల పైకి లేచి మళ్ళీ కిందికి దిగడం ఇంకో పెద్ద జబ్బు. దీనికి దండెం తాడు ఉంది కదా, దాన్ని కాస్త దించి కట్టండి, మీరు జెన్‌కుత్సు దాచిలో ఉన్నప్పుడు జుట్టుకి తగిలీ తగలనట్టు ఉండాలి. దాని కిందే మూడు అడుగులు నడవండి. అడుగు మధ్యలో, రెండు పాదాలూ దగ్గరికొచ్చినప్పుడు తల తాడుని పైకి నెడుతుంది, అక్కడ మోకాళ్ళు చాచేస్తున్నారన్నమాట. మోకాళ్ళు వంచే ఉంచి ఆ మధ్య భాగం దాటాలి. తొడలు మండుతాయి, అది మామూలే.

నడుము సంగతి కొంచెం వివరంగా. అడ్డుకునే కదలికల్లో, అంటే గెదాన్ బరాయ్, ఆగే ఉకే లాంటి వాటిలో, చివరికి నడుము పక్కకి తెరుచుకుని ఉంటుంది, ఛాతీ సగం పక్కకి చూస్తుంది. గుద్దులో నడుము నేరుగా ముందుకి వస్తుంది. అంటే హియాన్ షోడాన్‌లో నడుము తెరుచుకోవడం, మూసుకోవడం పదే పదే జరుగుతుంది, ఈ కటా మొదట నేర్పడంలో నాకు కనిపించే లాభం అదే. చేతికి బలం అక్కడి నుంచే రావాలి. పిల్లలకి నేను చెప్పేది ఒకటే, బెల్టు కొసలు చూసుకోమని. నడుము సరిగ్గా తిరిగితే వేలాడే కొసలు ఊగి కొడతాయి, చెయ్యి మాత్రమే కదిలితే అవి కదలవు. అలాగే హికితే, నడుం దగ్గరికి వెనక్కి లాగే చెయ్యి. గుద్దే చెయ్యి మీదే ధ్యాస పెట్టి లాగే చేతిని గాలికొదిలేస్తారు. రెండూ ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగాలి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి ఒక తువ్వాలు కొస వాళ్ళకిచ్చి, హికితే చేతితో ఇంకో కొస పట్టుకుని లాగుతూ గుద్దు వేసి చూడండి, ఆ చెయ్యి ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది.

తెలియడం అన్నాను కాబట్టి బుంకాయ్ గురించి చెప్పాలి. కదలికకి అర్థం ఏమిటి, ఎదురుగా మనిషి ఉంటే అది ఎలా పనికొస్తుంది అని విప్పి చూడటమే బుంకాయ్. కొన్ని క్లాసుల్లో దీన్ని బ్లాక్ బెల్ట్ దాకా ముట్టుకోరు, నాకు అది నచ్చదు. నాలుగో కదలికనే తీసుకోండి, ముందున్న కుడికాలు సగం వెనక్కి లాక్కుని పిడికిలి పైనుంచి చుట్టి కిందికి దించే సుత్తి దెబ్బ. అర్థం తెలియకపోతే ఇది గాల్లో చెయ్యి తిప్పడంలా ఉంటుంది, చాలామంది అలాగే చేస్తారు. ఇప్పుడు ఎవరినైనా మీ కుడి మణికట్టు గట్టిగా పట్టుకోమనండి. చేత్తో లాగితే రాదు. కాలు వెనక్కి తీసుకుంటూ ఒంటి బరువంతా వెనక్కి తెచ్చి, ఆ విసురుతోనే మణికట్టుని బొటనవేలి సందు వైపు తిప్పి లాగితే వస్తుంది, వచ్చిన చెయ్యి అలాగే చుట్టి తిరిగి దెబ్బగా దిగుతుంది. ఒక్కసారి ఇది చేసి చూశాక ఎనిమిదేళ్ళ పిల్ల కూడా ఆ కాలిని మళ్ళీ మర్చిపోలేదు, నేను కళ్ళారా చూశాను. ప్రతి కదలికకీ ఒకటే అర్థం ఉండాలనీ లేదు, ఒక్కో గురువు ఒక్కోలా విప్పుతారు, కానీ ఏదో ఒక అర్థం మనసులో లేకుండా చేసిన కటా అర్థం తెలియకుండా చదివిన పద్యం లాగే ఉంటుంది.

పద్యమే ఎందుకన్నానంటే, లయ విషయంలో కూడా అదే పోలిక పనికొస్తుంది. క్లాసులో సార్ "ఇచి, ని, సన్" అని లెక్క పెడుతుంటే 21 కదలికలకీ మధ్య ఒకటే విరామం వస్తుంది. నేర్చుకునేటప్పుడు అది తప్పదు. కానీ లెక్క ఆగిపోయాక కూడా లోపల అదే లెక్క నడుస్తుంటుంది, గోడ గడియారంలా టక్, టక్, టక్. పద్యం చదివేవాళ్ళు అర్థం విరిగే చోట ఆగుతారు, పదం మధ్యలో ఆగరు. అడ్డుకుని గుద్దడం ఒక వాక్యం అనుకోండి, ఆ రెండింటి మధ్యా విరామం చిన్నది. గుద్దాక, ఇంకో వైపు మనిషిని చూడబోయే ముందు విరామం పెద్దది. మూడు ఆగే ఉకేల్లో మొదటిది ఒక్కటిగా, తర్వాతి రెండూ వెంటవెంటనే చేసేవాళ్ళున్నారు, మీ సార్ పద్ధతి ఏదో అది పట్టుకోండి. షోటోకాన్‌లో కటాకి మూడు విషయాలు చూడమంటారు: బలం ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వదలాలి, ఎక్కడ వేగం, ఎక్కడ నెమ్మది, ఒళ్ళు ఎక్కడ విచ్చుకోవాలి, ఎక్కడ ముడుచుకోవాలి. ఒళ్ళంతా బిగించి మొదటి నుంచి చివరిదాకా ఒకే బలంతో చేసేవాళ్ళకి ఈ మూడూ పోతాయి. బిగింపు కదలిక చివర్లో ఒక్క క్షణమే, దాన్నే కిమే అంటారు, ఆ వెంటనే వదిలేయాలి, లేకపోతే తర్వాతి అడుగు బరువుగా లేస్తుంది.

వేగం గురించి సంగీతం నేర్చుకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సరళీ స్వరాలు మొదటి కాలంలో పలకనివాళ్ళు మూడో కాలంలో పలకలేరు, కూచిపూడి అడుగులదీ అదే దారి. కటా కూడా మూడు కాలాల్లో చేయండి. ఒకసారి చాలా నెమ్మదిగా, బలం అస్సలు లేకుండా, రెండు మూడు నిమిషాలు పట్టేలా. ఒకసారి మామూలు వేగంతో, బలం లేకుండా. ఒక్కసారి పూర్తి వేగం, పూర్తి బలంతో, అది దాదాపు 40 సెకన్లలో అయిపోతుంది. మళ్ళీ నెమ్మదిగా. పూర్తి బలంతో వరసగా పదిసార్లు చేసేవాళ్ళకి చెమట బాగా పడుతుంది, కటా మాత్రం అంతగా మెరుగుపడదు.

ఊపిరి గురించి ఎక్కువ చెప్పను, దెబ్బ పడేటప్పుడు వదలండి, బిగపట్టకండి, అంతే. కియాయ్ గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి.

ఒక అనుభవం చెబుతాను. బ్రౌన్ బెల్ట్ వచ్చిన ఏడాది ఒక జిల్లా స్థాయి పోటీలో నేను కటా మధ్యలో ఆగిపోయాను. మా క్లాసులో ఎప్పుడూ కిటికీల వైపు తిరిగి మొదలుపెట్టేవాళ్ళం, నాకు తెలియకుండానే "కిటికీ కనిపిస్తే కుడివైపు" అని గుర్తు పెట్టుకున్నానన్నమాట. పోటీ హాల్లో కిటికీలు లేవు, పెద్ద మలుపు తిరిగాక ఎటు చూస్తున్నానో అర్థం కాలేదు. టెన్షన్ వల్ల అన్నారు అందరూ, కానీ టెన్షన్ ఆ తప్పుని బయటపెట్టింది అంతే, తప్పు సాధనలోనే ఉంది. అప్పటి నుంచి రోజుకో దిక్కుకి తిరిగి మొదలుపెడతాను, మూలకి ఎదురుగా కూడా. వారానికి ఒకసారి కళ్ళు మూసుకుని నెమ్మదిగా చేస్తాను, చుట్టుపక్కల ఏమీ లేకుండా చూసుకుని. మీ పిల్లలు పోటీలకి వెళ్తుంటే ఇది తప్పకుండా చేయించండి.

ఫోన్ వీడియో మంచి సాయం, కానీ వాడే పద్ధతి ఉంది. ఫోన్ నడుము ఎత్తులో పెట్టండి, పైనుంచి తీస్తే భంగిమలు నిజంగా ఉన్నదానికన్నా లోతుగా కనిపిస్తాయి. ఒకసారి ఎదురు నుంచి, ఒకసారి పక్క నుంచి తీయండి. చూసేటప్పుడు ఒకటే విషయం చూడండి, ఈరోజు పాదాలు అనుకుంటే పాదాలే. అన్నీ ఒకేసారి చూస్తే దిగులు తప్ప ఏమీ మిగలదు. మంచివాళ్ళని చూడటం కూడా సాధనే. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టులో ఒకినావాకి చెందిన కియునా ర్యో కటాలో బంగారు పతకం గెలిచారు, ఆయన ఫైనల్‌లో చేసిన కటా ఓహాన్ దాయ్. ఆయనది ర్యూయేయ్ ర్యూ, మన అడుగులకీ ఆయన అడుగులకీ పోలిక లేదు, ఆ కటా నేర్చుకోవడానికి కాదు చూడమంటున్నది. సగం వేగంలో పెట్టి, చేతులు వదిలేసి, తల ఎత్తు మారకుండా అడుగు ఎలా సాగుతోందో, మలుపుకి ముందు కళ్ళు ఎలా తిరుగుతున్నాయో చూడండి.

"ఇంకా అదే కటానా, పక్క క్లాసులో నాలుగో కటా చెప్పేశారట" అని అడిగే తల్లిదండ్రులుంటారు. షోటోకాన్‌లో కటాలు మొత్తం 26, తొందరేమీ లేదు. ఫునకోషి తాను మూడు టెక్కి కటాల మీదే పదేళ్ళు గడిపానని రాసుకున్నారు. మనకి అంత వీలు కాకపోవచ్చు, బెల్ట్ టెస్టులుంటాయి, సిలబస్ ఉంటుంది. అందుకని కొత్త కటా నేర్చుకోండి, కానీ రోజూ అరగంట సాధనలో పది నిమిషాలు పాతదానికి ఉంచండి. ఆ పది నిమిషాల్లో కూడా వారానికొక్క తప్పు మీదే పని చేయండి. ఒక చిన్న నోటుపుస్తకంలో తారీఖు వేసి, "రెండో మలుపు, మడమలు గీత మీదకి రావట్లేదు" అని రాసుకోండి. నెల తర్వాత ఆ పేజీ తిరగేస్తే మెరుగుపడ్డారో లేదో మీకే తెలుస్తుంది.

చివరిగా, కటా చివర. మొదలుపెట్టే ముందు రెండు పాదాల మధ్య ఒక గులకరాయి పెట్టుకుని యోయ్‌లో, అంటే సిద్ధంగా ఉండే భంగిమలో, నిలబడండి. ఇరవై ఒకటో కదలిక, ఆఖరి షుతో ఉకే అయ్యాక వెంటనే లేచిపోకండి, పిల్లలంతా అక్కడే లేచి నవ్వేస్తారు. ఎదుటి మనిషి ఇంకా అక్కడే ఉన్నట్టు చూపు నిలిపి ఒక ఊపిరి ఆగండి. తర్వాత ఎడమకాలిని నెమ్మదిగా వెనక్కి తెచ్చుకుని ముందుకి తిరిగి యోయ్‌లో నిలబడి, వంగి నమస్కారం చేసి, అప్పుడు కిందకి చూడండి. రాయి పాదాల మధ్య ఉంటే మీ అడుగులు సమానంగా పడ్డాయి. మీకు ముందు ఉంటే ఆగే ఉకేల అడుగులకన్నా గుద్దుల అడుగులు పెద్దవయ్యాయి, వెనక ఉంటే గుద్దుల దగ్గరికొచ్చేసరికి అడుగు కురచైపోయింది. పక్కకి ఉంటే మలుపుల్లో ఎక్కడో కాలు గీత తప్పింది, మళ్ళీ తొమ్మిదో భంగిమలో నిలబడి అక్కడి నుంచి చూసుకోండి.